23 కిలోల పెట్టె

విదేశ విహారానికి పెట్టె సర్దుకునే పని తెలుగు కుటుంబాలలో టికెట్టు చేతికి వచ్చిన నాటి నుంచే మొదలవుతుంది. సింగపూర్, దుబాయ్, బ్యాంకాక్‌లకు వారం రోజుల ప్రయాణమైనా, ఐరోపా దేశాలను పక్షం రోజుల్లో చుట్టివచ్చే యాత్ర అయినా, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన పిల్లల దగ్గర నాలుగైదు నెలలు గడిపి రావడమైనా, పెట్టెను నింపేవి ముఖ్యంగా రెండు: అక్కడ ఏది దొరుకుతుందో ఏది దొరకదో అన్న బెంగ, అక్కడున్న వారికి ఇంటి రుచి అందించాలన్న మమకారం. ఈ రెండింటిలోనూ తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అయితే గడప దాటిన పెట్టె ఇంటివారి ఇష్టాయిష్టాలకు కాక, విమానయాన భద్రతా నిబంధనలకు, విమాన సంస్థ పెట్టిన బరువు హద్దుకు, చేరబోయే దేశపు కస్టమ్స్, వ్యవసాయ, ఔషధ చట్టాలకు లోబడి ప్రయాణిస్తుంది. ఆ నిబంధనలు ఎందుకు పుట్టాయో తెలిసినవారికి ఏది తీసుకువెళ్లాలి అన్న ప్రశ్న కన్నా ఏది ఏ సంచిలో ఉండాలి అన్న ప్రశ్నే ముఖ్యమని అర్థమవుతుంది. ప్రయాణంలో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం వస్తువు కాదు, దాన్ని పెట్టిన చోటు.

దారిలో ఏమీ దొరకని కాలంలో అన్నీ వెంట తీసుకువెళ్లడం తప్పనిసరిగా ఉండేది. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య డేరాలను, వంట సామగ్రిని, పల్లకీ మోసే బోయీలను వెంటబెట్టుకుని సాగాడంటే, ఆనాటి దారులకు అదే వివేకం. రైలు ప్రయాణాల కాలంలో ట్రంకుపెట్టె, పరుపుతో సహా చుట్టే హోల్డాలు, మరచెంబు అదే అలవాటును కొనసాగించాయి. నేటి పరిస్థితి వేరు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, సింగపూర్ సెరంగూన్ రోడ్డులో, దుబాయ్‌లోని కరామాలో కందిపప్పు, చింతపండు, ఇడ్లీరవ్వ మొదలుకొని పసుపు కుంకుమల వరకు దొరుకుతున్నాయి. అక్కడ కొనగలిగిన పప్పు కోసం ఇక్కడి నుంచి మూడు కిలోల బరువును మోసుకుపోవడం, ఆ మూడు కిలోల చోటులో పట్టగలిగిన, ఎక్కడా కొనలేని దేనినో వదులుకోవడంతో సమానం. అమ్మమ్మ చేతి ఆవకాయ ఏ దుకాణంలోనూ దొరకదు కనుక చోటు దానికి దక్కడం న్యాయం.

బరువు విషయంలో విమాన సంస్థలు రెండు పద్ధతులు పాటిస్తాయి. గల్ఫ్, ఆగ్నేయాసియా మార్గాల్లో చాలావరకు మొత్తం బరువును లెక్కించే పద్ధతి ఉంటే, అమెరికా మార్గాల్లో ఎక్కువగా పెట్టెల సంఖ్యను, ఒక్కో పెట్టె బరువును లెక్కించే పద్ధతి ఉంది. ఈ రెండో పద్ధతిలో సాధారణ తరగతి ప్రయాణికుడి పెట్టె 23 కిలోలు దాటకూడదు. దాని పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్లకు మించకూడదు. ఎక్కువ రుసుము చెల్లించినా చాలా విమానాశ్రయాల్లో ఒక్క పెట్టె 32 కిలోలు దాటడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ పెట్టెను విమానం కింది అరలో చేర్చే కార్మికుడు రోజంతా వందల పెట్టెలను చేతులతో ఎత్తవలసి ఉంటుంది. ఆ హద్దు అతని నడుమును కాపాడటానికి పెట్టినది. గట్టి పలకల పెద్ద సూట్‌కేసు ఖాళీగానే నాలుగైదు కిలోలు తూగుతుందన్న సంగతి కొనేటప్పుడు గుర్తుంటే, 23 కిలోల్లో సామానుకు మిగిలేది 18 కిలోలేనని ముందే తెలుస్తుంది. కొక్కేనికి తగిలించి తూచే చిన్న లగేజీ త్రాసు ఇంట్లో ఉంటే విమానాశ్రయంలో నేల మీద పెట్టె తెరిచి, వెనుక వరుస చూస్తుండగా ఊరగాయ సీసాను ఒక పెట్టెలోంచి మరో పెట్టెలోకి మార్చుకునే అవస్థ తప్పుతుంది.

సూట్‌కేసుకు చక్రాలు 1970ల్లో వచ్చాయి. నిలబెట్టి, పొడవాటి పిడితో లాక్కుపోయే నమూనాను రాబర్ట్ ప్లాత్ అనే అమెరికా విమాన చోదకుడు 1987లో తయారు చేశాడు. చక్రాలు మనిషికి బరువును మరిపించాయి గాని బరువును తగ్గించలేదు. రోమ్, ప్రాగ్ నగరాల రాళ్లు పరిచిన పాత వీధుల్లోను, లిఫ్టు లేని రైలు స్టేషన్ల మెట్ల దగ్గరా ఆ మరచిన బరువు ఒక్కసారిగా చేతి మీద పడుతుంది. ఐరోపా యాత్రకు వెళ్లేవారు సర్దిన పెట్టెను ఇంటి మెట్ల మీద ఒక్కసారి పైకి, కిందికి సొంత చేతులతో మోసి చూడటం మంచిది. అరవై దాటిన దంపతుల విషయంలో ఈ పరీక్ష మరీ అవసరం. బరువైనవి చక్రాల వైపు, తేలికవి పిడి వైపు ఉంటే నిలబెట్టిన పెట్టె ముందుకు ఒరగదు.

చేతిసంచిలో ఏముండాలో తేల్చడానికి ఒక ప్రశ్న చాలు: విమానం కింది అరలోకి పంపిన పెద్దపెట్టె మూడు రోజుల వరకు రాకపోతే ఏది లేకపోవడం వల్ల పని ఆగిపోతుంది? పాస్‌పోర్టు, వీసా పత్రాలు, బీమా పాలసీ, రోజూ వేసుకునే మందులు, కళ్లద్దాలు, వినికిడి యంత్రం, నగలు, ఒక జత బట్టలు ఈ ప్రశ్నకు జవాబుగా వస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ కింది అరలోకి పోయే పెట్టెలో ఉండకూడదు. కుటుంబంలో ఇద్దరు ప్రయాణిస్తుంటే ఒకరి బట్టలన్నీ ఒక పెట్టెలో, మరొకరివన్నీ ఇంకో పెట్టెలో సర్దే అలవాటును మానుకుని, ఇద్దరివీ రెండు పెట్టెల్లో సగం సగం సర్దుకుంటే, ఒక పెట్టె దారి తప్పినా ఎవరూ కట్టుబట్టలతో మిగలరు.

దారి తప్పిన పెట్టెకు చట్టపరమైన రక్షణ ఉంది. 1999లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో సామాను పోయినా, పాడైనా, ఆలస్యమైనా విమాన సంస్థ ఒక హద్దు వరకు పరిహారం చెల్లించాలి. భారతదేశం 2009లో ఆ ఒప్పందంలో చేరింది. ఆ హద్దును రూపాయల్లోనో డాలర్లలోనో కాక, స్పెషల్ డ్రాయింగ్ రైట్స్ అనే కొలమానంలో చెబుతారు. అంటే డాలరు, యూరో, యువాన్, యెన్, పౌండు విలువలను కలిపి అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ లెక్కగట్టే ప్రమాణం. 2024 డిసెంబరు 28 నుంచి ఒప్పందం ఆ హద్దును ప్రయాణికుడికి 1,519 యూనిట్లకు పెంచింది. అయితే ఈ హక్కుకు గడువులున్నాయి: పాడైన పెట్టె గురించి అది చేతికి వచ్చిన ఏడు రోజుల్లోగా, ఆలస్యమైన పెట్టె గురించి అది అందిన 21 రోజుల్లోగా లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పెట్టె రాలేదని తెలిసిన వెంటనే, విమానాశ్రయం దాటక ముందే, సామాను విభాగంలో ఫిర్యాదు పత్రం నింపి దాని నంబరు తీసుకోవడం ఈ ప్రక్రియలో మొదటి మెట్టు. ఇల్లు చేరాక చూసుకుందామని బయటికి వచ్చేసినవారు తరువాత నిరూపించుకోలేక నష్టపోతారు. సర్దిన పెట్టెను మూత మూయక ముందు సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకుంటే లోపల ఏమున్నదీ చెప్పడం తేలిక.

చేతిసంచిలోకి ద్రవాలు 100 మిల్లీలీటర్లకు మించని సీసాల్లోనే రావాలన్న నిబంధనకు బీజం 2006 ఆగస్టులో పడింది. లండన్ నుంచి అట్లాంటిక్ దాటే విమానాలను ద్రవరూప పేలుడు పదార్థాలతో కూల్చే పన్నాగం అప్పుడు బయటపడింది. భద్రతా సిబ్బంది దృష్టిలో ద్రవం అంటే నీళ్లు, కొబ్బరినూనె మాత్రమే కాదు. పారేది, పూసుకునేది, గరిటెజారుగా ఉండేది ఏదైనా ద్రవమే. నూనె తేలే ఆవకాయ, పేరిన నెయ్యి, గోంగూర పచ్చడి, టూత్‌పేస్టు ఈ లెక్కలోకే వస్తాయి. పొడులకూ ఒక హద్దు ఉంది: 2018 నుంచి అమెరికాకు నేరుగా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్ల పరిమాణానికి మించిన పొడి పదార్థాలను చేతిసంచిలో తేకుండా పెద్దపెట్టెలో పెట్టుకోవాలని అమెరికా భద్రతా సంస్థ కోరుతోంది. కనుక కందిపొడి, కారప్పొడి, నల్లకారం కూడా ఆవకాయతోపాటే కింది పెట్టెలోకి పోవాలి.

పెట్టెలో పెట్టిన ఆవకాయ నూనె కారి పట్టుచీరకు పట్టడం వెనుక కారణం మూత సరిగా బిగించకపోవడమే అనుకుంటారు. అసలు కారణం గాలి. ఎగురుతున్న విమానం లోపల, సామాను అరతో సహా, గాలి పీడనం సముద్ర మట్టానికి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున ఉండేంతకు తగ్గుతుంది. అంటే ఇంచుమించు ఊటీ కొండ మీది పీడనం. ఆ పీడనంలో సీసాలో చిక్కుకున్న గాలి పావు వంతు నుంచి మూడో వంతు వరకు వ్యాకోచిస్తుంది, దానికి దారి దొరక్క నూనెను మూత మరల గుండా బయటికి నెడుతుంది. ముప్పాతిక వరకే నింపిన సీసాలో గాలి ఎక్కువ, కనుక కారడమూ ఎక్కువ. అందుకే ఊరగాయను గాజు సీసాలో కాక మందపాటి ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి వైపు నుంచి చేత్తో అదుముతూ గాలినంతా తోసేసి, వేడితో అతికించి, దాన్ని మరో సంచిలో పెట్టి అతికించడం సరైన పద్ధతి. హైదరాబాద్, విజయవాడల్లోని ఊరగాయల దుకాణాల్లో యంత్రంతో గాలి తీసి ప్యాక్ చేసి ఇస్తారు. ఆ పొట్లం చుట్టూ నాలుగు పాత నూలు తువాళ్లు చుట్టి పెట్టె మధ్యలో ఉంచితే, ఏ కారణంగానైనా కారినా చీరల వరకు పోదు. సర్దే రోజున సంచి పైకి ఉబ్బినట్టు కనబడితే గాలి మిగిలిందని అర్థం. అప్పుడు మళ్లీ అతికించడానికి ఒక సాయంత్రం చేతిలో ఉండాలి. కొత్త ఆవకాయ ఊరుతూ వాయువును వదులుతుంది కాబట్టి తిరగగలిపి, కనీసం రెండు మూడు వారాలు ఊరిన తరువాతే దాన్ని ప్రయాణానికి కట్టాలి.

పవర్‌బ్యాంకు విషయంలో నిబంధన ఊరగాయకు ఉన్నదానికి తలకిందులు: అది చేతిసంచిలోనే ఉండాలి, పెద్దపెట్టెలో ఎన్నడూ ఉండకూడదు. పవర్‌బ్యాంకులో ఉండే లిథియం బ్యాటరీ లోపల ఎక్కడైనా షార్ట్ సర్క్యూట్ అయితే పుట్టే వేడి పక్క ఘటాన్ని, అది ఆ పక్కదాన్ని మండిస్తూ పోతుంది. నిపుణులు దీన్ని అదుపు తప్పిన ఉష్ణ చర్య అంటారు. సామాను అరలో మంటలార్పే వాయువు మామూలు మంటను అణచగలదు గాని, తన వేడిని తానే పుట్టించుకునే ఈ మంటను ఆపలేదు. ప్రయాణికుల మధ్య అయితే పొగ వెంటనే కనబడుతుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో బయలుదేరబోతున్న ఒక విమానంలో తలపై సామాను అర నుంచి మంటలు లేచి విమానం పైకప్పు కాలిపోయింది; 176 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. దానికి పవర్‌బ్యాంకే కారణమై ఉండవచ్చని దర్యాప్తులో తేలాక పలు విమాన సంస్థలు దాన్ని తలపై అరలో పెట్టవద్దని, గాలిలో వాడవద్దని ఆదేశించాయి. 100 వాట్ అవర్‌ల వరకు సామర్థ్యమున్నవి అనుమతి అక్కరలేకుండా తీసుకువెళ్లవచ్చు. ఆ లెక్క తేలికైనదే: పవర్‌బ్యాంకు మీద ముద్రించిన మిల్లీఆంపియర్ అవర్‌లను 3.7తో హెచ్చవేసి వెయ్యితో భాగించాలి. 20,000 అని ఉన్నది 74 వాట్ అవర్‌లవుతుంది. అక్షరాలు చెరిగిపోయి సామర్థ్యం చదవడానికి వీలులేని పాత పవర్‌బ్యాంకును ఇంట్లో వదిలేయడమే మేలు.

దేవుడి సామాను సర్దేటప్పుడు రెండు వస్తువులు జాగ్రత్తగా చూసుకోవాలి. ఎండుకొబ్బరి చిప్పల్లో మూడింట రెండు వంతుల వరకు నూనె ఉండటం వల్ల, ఇరుకు చోట గాలి తగిలి తనంతట తాను వేడెక్కి అంటుకునే స్వభావం ఉంది. అందుచేత అంతర్జాతీయ విమానయాన నిబంధనలు దాన్ని ప్రమాదకర వస్తువుల జాబితాలో చేర్చాయి. గుళ్లో ఇచ్చిన ఎండు కొబ్బరి చిప్ప అయినా స్కానర్‌లో కనబడితే పెట్టె తెరిపిస్తారు. కర్పూరం మండే ఘనపదార్థం కనుక దానికీ అదే గతి. అగరువత్తులతో పూజ సాగుతుంది. కర్పూరం, అగ్గిపెట్టె అక్కడే కొనుక్కోవాలి.

ఇక చేరబోయే దేశపు చట్టాల సంగతి. ఈ భాగంలోనే తెలుగు ప్రయాణికులు ఎక్కువగా నొచ్చుకుంటారు, ఎందుకంటే తీసి పారేసేది వస్తువు అయినా దాని వెనుక ఉన్నది ఇంటివారి శ్రమ. కస్టమ్స్ అధికారి చేసే పనికి కారణం తెలిస్తే ఆ నొప్పి కొంత తగ్గుతుంది. కరివేపాకు రెమ్మను అమెరికా అనుమతించదు. కరివేప మొక్క నిమ్మ, నారింజ, బత్తాయిల కుటుంబానికే చెందినది. ఆకు మీద వాలే సిల్లా అనే గింజంత పురుగు సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులును మోసుకువెళ్తుంది. ఆ తెగులు సోకిన చెట్టు కాయలు పక్వానికి రాక, పచ్చగానే వంకరపోయి రాలిపోతాయి. మందు లేని తెగులు అది. ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి; ఆ తరువాత రెండు దశాబ్దాల్లో ఆ రాష్ట్రపు నారింజ దిగుబడి 90 శాతానికి పైగా పడిపోయింది. తడిగుడ్డలో చుట్టి పెట్టెలో దాచిన పది రెమ్మల్లో ఒక్క పురుగు ఉన్నా చాలన్నది అమెరికా అధికారుల భయం. బత్తాయి తోటలున్న నల్లగొండ, అనంతపురం రైతు కుటుంబాలకు ఆ భయం ఎలాంటిదో విడిగా చెప్పనక్కరలేదు.

ఖప్రా అనే ధాన్యపు పురుగుదీ ఇలాంటి కథే. గోదాముల్లో నిలవ ఉన్న గింజలను తినే ఈ పురుగు పిల్లలు తిండి దొరక్కపోయినా సంచి కుట్లలోనో పెట్టె మూలలోనో ఏళ్ల తరబడి నిద్రాణస్థితిలో బతకగలవు. భారతదేశంలో ఈ పురుగు ఉన్నందువల్ల ప్రయాణికులు బియ్యం తేవడాన్ని అమెరికా నిషేధించింది. ఆస్ట్రేలియా ఇంకా ముందుకు వెళ్లి బియ్యం, శనగలతోపాటు జీలకర్ర, ధనియాలు, ఎండుమిరపకాయలను కూడా ప్రయాణికుల సామానులో రానివ్వడం లేదు. మాంసం పచ్చళ్ల మీద చాలా దేశాల్లో నిషేధముంది, పశువుల గాలికుంటు వ్యాధి, పక్షుల జ్వరం వంటివి మాంసం ద్వారా వ్యాపిస్తాయన్నది కారణం. కోడి, వేట మాంసం పచ్చళ్లు ఎంత బాగా వేయించినవైనా అమెరికాకు పనికిరావు. బ్రిటన్, ఐరోపా దేశాలు మాంసంతోపాటు పాల పదార్థాలనూ అనుమతించవు కనుక పాలకోవా, నెయ్యి, వెన్న అక్కడికి కట్టకూడదు. మామిడి, నిమ్మ, చింతకాయ వంటి శాకాహార ఊరగాయలు, జంతికలు, చెక్కలు, అరిసెల వంటి పిండివంటలు అమెరికాకు సాధారణంగా సాగుతాయి.

గసగసాల విషయం వేరు, చాలా తీవ్రమైనది కూడా. మసాలా కూరల్లో వేసే ఆ తెల్ల గింజలు నల్లమందు మొక్క విత్తనాలు. భారతదేశంలో వాటిని కిరాణా కొట్లో అమ్ముతారు. యూఏఈ, సౌదీ అరేబియా చట్టాల్లో అవి మాదకద్రవ్యాల కింద నిషిద్ధం, సింగపూర్‌కూ తీసుకుపోకూడదు. అక్కడ దొరికితే జరిగేది పొట్లం పారేయడం కాదు, అరెస్టు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారి చేతికి తెలిసినవారు, పక్కింటివారు ఇచ్చే పొట్లాల్లో ఏముందో విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. మొహమాటం ఉంటే ఉండవచ్చు గాని, పెట్టెలో ఉన్నదానికి చట్టం దృష్టిలో బాధ్యుడు పెట్టె మోసినవాడే.

ఆహార, వ్యవసాయ చట్టాల్లో మాత్రం ప్రయాణికుడికి ఒక ద్వారం తెరిచి ఉంది. దాని పేరు డిక్లరేషన్, అంటే వెంట తెచ్చినది ఉన్నదున్నట్టు అధికారికి చెప్పడం. ఆహారం తెచ్చారా అన్న ప్రశ్నకు అవును అని రాసినవారి పెట్టెలో నిషిద్ధ వస్తువు దొరికితే సాధారణంగా దాన్ని తీసుకుని, మిగిలినవి వదిలేస్తారు. లేదని రాసినవారి పెట్టెలో ఒక్క మామిడిపండు దొరికినా జరిమానా పడుతుంది. న్యూజిలాండ్‌లో చెప్పకుండా తెచ్చిన ఆహారానికి అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్లు చెల్లించాలి. ఆంగ్లం సరిగా రాని పెద్దవారు భయపడి అన్నిటికీ లేదు అని గీత పెట్టడం తరచుగా జరుగుతుంది. వారి కోసం పెట్టెలోని తినుబండారాల పేర్లను, అవి దేనితో చేసినవో ఆంగ్లంలో ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టుతోపాటు చేతికివ్వడం పిల్లలు చేయగలిగిన గొప్ప సాయం. ప్రతి పొట్లం మీద కూడా అదే పేరు రాసి ఉంటే సున్నిపిండికి, బెల్లానికి, కాకరకాయ పొడికి తేడా తెలియని అధికారికి పని తేలికవుతుంది.

మందుల సంచిని విడిగా ఆలోచించి సర్దాలి. మాత్రలను వారం రోజుల డబ్బాలోకి విప్పి పోయకుండా, పేరు కనబడే అట్టలతోనే, వైద్యుడి చీటీతో కలిపి చేతిసంచిలో పెట్టుకోవాలి. ఆ చీటీలో కంపెనీ పేరు మాత్రమే కాక మందు అసలు పేరు, అంటే అన్ని దేశాల వైద్యులకు అర్థమయ్యే రసాయన నామం ఉండాలి. ఇక్కడ ఇంటింటా తెలిసిన డోలో పేరు అక్కడ ఎవరికీ తెలియదు, పారాసిటమాల్ అన్నా అమెరికాలో తడబడతారు, ఎందుకంటే అదే మందును అక్కడ అసిటమినోఫెన్ అంటారు. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్‌కు అమెరికాలో ఆల్బుటెరాల్ అని పేరు. సందర్శకులు సాధారణంగా 90 రోజులకు మించని మందులు తేవచ్చునన్నది అమెరికా పద్ధతి. అంతకన్నా ఎక్కువ కాలం ఉండేవారు బయలుదేరక ముందే వైద్యుడితో మాట్లాడుకోవాలి. కోడీన్ కలిసిన దగ్గుమందు, ట్రమడాల్ అనే నొప్పి మాత్ర యూఏఈలో ముందస్తు అనుమతి లేనిదే తీసుకుపోకూడనివి. ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ పది శాతానికి మించి ఉన్న మందులను జపాన్ అనుమతించదు. ఇన్సులిన్‌ను చల్లటి పొట్లంలో చేతిసంచిలోనే ఉంచాలి; గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనిచేయదు. మధుమేహమున్నవారు గమనించవలసిన చిన్న సంగతి ఇంకొకటి ఉంది: భారతదేశంలో, అమెరికాలో రక్తంలో చక్కెరను ఒకే కొలతలో చెబుతారు గాని, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో వేరే కొలత వాడతారు, అక్కడి సంఖ్యను 18తో హెచ్చవేస్తే ఇక్కడి సంఖ్య వస్తుంది. అక్కడి వైద్యుడు 7 అన్నాడంటే 126 అని అర్థం. కెన్యా వంటి ఆఫ్రికా దేశాలకు వెళ్లివచ్చేవారు పచ్చజ్వరం టీకా వేయించుకున్న ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి. అది టీకా వేసిన పది రోజుల తరువాతే చెల్లుతుంది కాబట్టి చివరి వారంలో గుర్తుకు వస్తే లాభం లేదు.

మిక్సీ తీసుకువెళ్లాలా అన్న చర్చ అమెరికా ప్రయాణాల్లో తప్పక వస్తుంది. భారతదేశంలో విద్యుత్ పీడనం 230 వోల్టులు, అమెరికాలో 120, జపాన్‌లో 100. ఇక్కడి మిక్సీ అక్కడ ఈసురోమంటూ తిరిగి పిండి రుబ్బదు; అక్కడ కొన్న యంత్రాన్ని ఇక్కడ పెడితే క్షణంలో కాలిపోతుంది. ప్లగ్గు ఆకారాన్ని మార్చే అడాప్టరు వోల్టేజీని మార్చదు, ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లే చాలా పరికరాలు పాడవుతున్నాయి. సెల్‌ఫోన్ ఛార్జరు వెనుక సన్నటి అక్షరాల్లో 100 నుంచి 240 వరకు అని ఉంటే అది అన్ని దేశాల్లోనూ పనిచేస్తుంది, అడాప్టరు చాలు. 220 నుంచి 240 వరకు అని మాత్రమే ఉంటే ఆ వస్తువు అమెరికాకు, జపాన్‌కు పోకూడదు. సింగపూర్, దుబాయ్, బ్రిటన్‌లలో మూడు పలక పుల్లల ప్లగ్గు, అమెరికాలో రెండు పలక పుల్లలది ఉంటాయి. భారతీయ రుచులకు తగినట్టు 110 వోల్టులకు చేసిన మిక్సీలు ఇక్కడి దుకాణాల్లోనూ దొరుకుతాయి.

బట్టల గురించి చెప్పవలసింది తక్కువ. ఒక మందపాటి కోటు కన్నా పలుచటి దుస్తులు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం వెచ్చదనానికి, చోటుకు రెండింటికీ మంచిది, ఎందుకంటే శరీరాన్ని వెచ్చగా ఉంచేది ఆ పొరల మధ్య చిక్కిన గాలి. నూలు బట్ట చెమటను పట్టి ఉంచుతుంది కనుక 3,454 మీటర్ల ఎత్తున, వేసవిలోనూ మంచు కప్పి ఉండే స్విట్జర్లాండ్ యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ వంటి చోట్ల ఒంటికి తగిలే పొర ఉన్నిదై ఉండాలి. డిసెంబరులో ఆస్ట్రేలియా వెళ్లేవారికి అక్కడ నడివేసవి. వాటికన్ సెయింట్ పీటర్స్ చర్చిలోను, బ్యాంకాక్ రాజప్రాసాదంలోను భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలన్న నియమం చుడీదారుకు, చీరకు ఏ అడ్డమూ కాదు. ఏ దేశమైనా కొత్త చెప్పులు, బూట్లు ప్రయాణం కోసం కొని నేరుగా పెట్టెలో పెట్టకూడదు. రెండు వారాలు తొడిగి నడిచినవే రోజుకు పదిహేను వేల అడుగులు వేయించగలవు. అమెరికా వెళ్లే పెట్టెకు అక్కడి భద్రతా సిబ్బంది తమ తాళపుచెవితో తెరవగలిగే టీఎస్‌ఏ గుర్తున్న తాళం వేయాలి. వేరే తాళమైతే తనిఖీ కోసం దాన్ని కోసేసే హక్కు వారికుంది.

చివరిగా బంగారం. పెళ్లికో, గృహప్రవేశానికో విదేశం వెళ్లే మహిళలు తమ నగలను వెంట తీసుకువెళ్లడం సహజం. తిరిగి వచ్చేటప్పుడు ఆ నగలు విదేశంలో కొన్నవి కావని నిరూపించే భారం వారి మీదే పడుతుంది. దీనికి పరిష్కారం వెళ్లే రోజునే విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి నుంచి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవడం. నగలను అధికారికి చూపించి, వాటి వివరాలు, బరువు రాయించి, ముద్ర వేయించుకుంటే తిరిగి వచ్చినప్పుడు వాటిపై సుంకం ఉండదు. ఖరీదైన కెమెరాకూ ఇదే పద్ధతి. ఇందుకు కొన్న రసీదులు గాని, గుర్తింపు పొందిన మదింపుదారు ఇచ్చిన పత్రం, ఫొటోలు గాని దగ్గర ఉండాలి, మామూలు సమయం కన్నా గంట ముందు విమానాశ్రయానికి చేరాలి. నాలుగైదు నెలల తరువాత, తిరుగు ప్రయాణపు హడావిడిలో, పాత పత్రాలన్నీ ఒక కవరులో పెట్టి పెద్దపెట్టె అడుగున వేసేయడం చాలామంది చేసే పని. ఆ ఒక్క కాగితాన్ని మాత్రం ఆ కవరులోంచి తీసి, నగలతోపాటు చేతిసంచిలో పెట్టుకోవాలి.